నాన్న మార్చిన నంబర్లు

పోయిన వేసవిలో చిన్న పని మీద బెజవాడ వన్ టౌన్ వెళ్ళి, మార్కెట్ దగ్గర ఆటో దిగాను. రోడ్డు వారన ఒకావిడ తాటికాయలు చెక్కి ముంజలు తీస్తోంది. పచ్చి తొక్క వాసన ఎండకి ఇంకా ఘాటెక్కి, ముక్కుకి తీపిగానూ వగరుగానూ తగులుతోంది. ఆవిడ నెత్తిమీద నీడగా పెట్టుకున్న పెద్ద గొడుగు ఏదో ఫోన్ కంపెనీది. ఒకప్పుడు ఎరుపో, నారింజో చెప్పలేనంతగా వెలిసిపోయింది. ఒక కమ్మి విరిగి వేలాడుతోంది. డజను ముంజలు కొని, డబ్బులిచ్చేశాక కూడా ఆ గొడుగు కిందే నిలబడిపోయాను. “ఇంకా కావాలా అమ్మాయ్?” అని ఆవిడ అడిగితే గానీ కదల్లేదు. అలాంటి గొడుగుల కింద ప్లాస్టిక్ స్టూలేసుకుని సిమ్ కార్డులు అమ్మే రోజులుండేవి. నా చిన్నతనంలో మా నాన్న సాయంత్రాలు సగం వాటి కిందే గడిచాయి.

మేమప్పుడు వన్ టౌన్‌లోనే, కొండ వాలులో ఉండేవాళ్ళం. ఒకరి ఇంటి డాబా ఇంకొకరికి వాకిలి. కింద రోడ్డు నుంచి మా గుమ్మానికి నూట ముప్పై ఎనిమిది మెట్లు. బిందెతో నీళ్ళు మోసినవాళ్ళకే ఆ లెక్క తెలిసేది. ఎండాకాలం ఆ రాళ్ళు పొద్దుగూకినా చల్లారేవి కావు. ఇంట్లో పడుకోలేక అందరం చాపలు తెచ్చి డాబాల మీద వేసుకునేవాళ్ళం. వాన పడితే మెట్లన్నీ వాగై, పైనింటి వాళ్ళ చెప్పులూ చీపుళ్ళూ మా గుమ్మం మీదుగా కిందికి కొట్టుకుపోయేవి. దసరా పది రోజులూ కింద నుంచి మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు వినిపిస్తూ ఉండేవి. డాబా చివర నిలబడితే నదీ, బ్యారేజీ మీద చీమల్లా పాకే బస్సులూ, అవతలి ఒడ్డున ఇసుకా కనిపించేవి. అంత చూపు ఉన్న ఇల్లు నాకు మళ్ళీ దొరకలేదు.

నాన్నది పెడన. మగ్గం మీద బతకడం కష్టమై, నేసే పని మానుకుని, అక్కడి చీరలు తెచ్చి వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లకి చూపించి ఆర్డర్లు రాసుకునే పనిలోకి దిగాడు. అమ్మ కింద మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్కలు అమ్మేది. పొద్దున్నే వెళితే కొట్టు కట్టేశాకే రావడం. నేను ఒక్కదాన్నే సంతానం.

నాన్న పనంతా ఫోన్ మీదే నడిచేది. ఆ ఫోన్‌కి పెట్టే ఖర్చంటేనే ఆయనకి ప్రాణం పోయినట్టుండేది. బస్సెక్కితే అమ్మ కొట్టు ఫోన్‌కి ఒక మిస్డ్ కాల్, వచ్చి తనకీ అన్నం వండమంటే రెండు. ఏ కొట్టుకి వెళ్ళినా “ఒక్క మాటండీ” అని ముందు వాళ్ళ ల్యాండ్‌లైన్ అందుకునేవాడు. సెకండుకి పైసా అని కొత్త లెక్క వచ్చాక, మాట మధ్యలో ఊపిరి పీల్చుకోవడం కూడా మానేశాడని అమ్మ నవ్వేది. కానీ ఆయనకి అన్నింటికంటే ఇష్టమైన ఉపాయం కొత్త సిమ్. రేషన్ కార్డు జిరాక్సు, ఫొటో ఇస్తే ఆ గొడుగుల కింద సిమ్ ఊరికే ఇచ్చేవారు, మొదటి నెల మాటలూ దాదాపు ఊరికే. ఆ నెల అయిపోగానే ఇంకో కంపెనీ గొడుగు కిందికి. అలా నెలా రెండు నెలలకోసారి నాన్న నంబరు మారిపోయేది. కొత్త నంబరును క్యాలెండర్ వెనక నా చేతే రాయించేవాడు, పాతది నేనే కొట్టేసేదాన్ని.

మా పక్క వాటాలో మార్తమ్మ మామ్మ, ఆవిడ కూతురు రత్నం ఆంటీ, మనవరాలు ఎస్తేరు ఉండేవాళ్ళు. ఆంటీ ఆసుపత్రిలో ఆయా. ఎస్తేరుది నా క్లాసే. మేమిద్దరం బడి నుంచి రాగానే మామ్మ చెరో పళ్ళెంలో అన్నం పెట్టి, చింతపండు పచ్చడి మధ్యలో గుంట చేసి నూనె పోసేది. మా అమ్మ వచ్చేదాకా నేను ఆవిడ మనవరాలినే. ఆవిడ మంచం పక్కన అచ్చంగిల్లాలు ఆడుకునేవాళ్ళం. సిమ్ ఊడదీశాక మిగిలిన ప్లాస్టిక్ కార్డులకి దారం కట్టి, మెళ్ళో వేసుకుని, మెట్ల మీద ఆఫీసు ఆట ఆడేవాళ్ళం. వాటికి మాత్రం మాకు ఏనాడూ లోటు రాలేదు. డిసెంబరు వస్తే మామ్మ బెల్లం పాకం పట్టి అరిసెలు వత్తేది. నువ్వులద్దడం మా పని. పండగనాడు చర్చి నుంచి రాగానే మొదటి పళ్ళెం మా ఇంటికే పంపేది. మామ్మకి చదువు రాదు. పాటలు మాత్రం ఒక్కసారి వింటే చాలు, జీవితాంతం గుర్తుండిపోయేవి.

మేం ఆరో తరగతిలో ఉండగా రత్నం ఆంటీకి ఇబ్రహీంపట్నంలో ఇంకో ఆసుపత్రిలో పని దొరికి, సంక్రాంతి సెలవులు కాగానే ఇల్లు మారారు. బస్సెక్కితే గంట దూరం లేదు. కానీ పదకొండేళ్ళ పిల్లకి ఒంటరిగా బస్సెక్కే వీల్లేనప్పుడు, గంట దూరమైనా పది గంటల దూరమైనా ఒకటే. వాళ్ళు వెళ్ళిన మర్నాడు బడి నుంచి వచ్చి, మామూలుగా వాళ్ళ గుమ్మంలోకే అడుగు పెట్టి, తలుపుకి వేలాడుతున్న తాళం చూసి వెనక్కి వచ్చాను. మా ఇంట్లో గిన్నె మీద మూత తీసి చల్లటి అన్నం ఒక్కదాన్నే తిన్నాను. ఆ రోజు నుంచి నా సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి.

ఆదివారం మాత్రం ఫోను ఉండేది. చర్చి అయ్యాక ఎస్తేరు వాళ్ళమ్మ ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చేది. నాన్న తన ఫ్రీ నిమిషాల్లోంచి ఐదు నాకిచ్చేవాడు. అటు ఎస్తేరు, మామ్మ ఒకే ఫోన్‌కి చెవులానించి ఒకేసారి మాట్లాడేవాళ్ళు. “అన్నం తిన్నావా బవానీ? జడెవరేశారు?” అని మామ్మ అడిగేది. ఆ ఐదు నిమిషాల్లో ఏమేం చెప్పాలో నేను సోమవారం నుంచే పోగేసుకునేదాన్ని. తీరా ఫోన్ చేతికొచ్చాక సగం మర్చిపోయేదాన్ని.

ఎండలు ముదిరే వేళకి నాన్న మళ్ళీ కంపెనీ మార్చాడు. ఎప్పుడూ మార్చేముందు ఎస్తేరుకి కొత్త నంబరు చెప్పించేవాడు. ఈసారి పాత దాంట్లో బ్యాలెన్స్ లేదు. కొత్త సిమ్ వేశాక ఆంటీ నంబరుకి చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. మర్నాడూ అంతే, వారం తర్వాతా అంతే. ఆంటీ కూడా సరిగ్గా ఆ వారమే ఇంకో గొడుగు కింద కొత్త సిమ్ తీసుకుందని మాకప్పుడు తెలియదు. వాళ్ళు మా పాత నంబరుకి, మేం వాళ్ళ పాత నంబరుకి చేస్తూ కూర్చున్నాం.

“వాళ్ళే చేస్తార్లేవే,” అన్నాడు నాన్న.

“ఏ నంబరుకి చేస్తారు నాన్నా?”

ఆయన ఫోన్ జేబులో వేసుకుని లేచిపోయాడు. నా పోరు పడలేక రెండు ఆదివారాలు ఒక్కో గంట పాత సిమ్ వేసి చూశాడు. రాలేదు. మూడో ఆదివారం, “కొట్లవాళ్ళు చేస్తుంటారు, ఇంక కుదరదమ్మా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక నేను ఫోన్ తీసుకుని మెట్ల మీదికి వెళ్ళాను. వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, పాత సిమ్ పెట్టాను. మెట్లు కాళ్ళు కాలుస్తున్నాయి. ఫోన్‌కి ఎండ తగలకుండా లంగా మడతలో దాచుకుని, మూడు గంటల దాకా కూర్చున్నాను. ఒక్కసారి కూడా మోగలేదు. మళ్ళీ సిమ్ మార్చి, ఎక్కడి ఫోన్ అక్కడ పెట్టేశాను.

సోమవారం సాయంత్రం నాన్న వచ్చిన తీరులోనే నాకు తెలిసిపోయింది. పెళ్ళిళ్ళ సీజనుకని ఒక పెద్ద కొట్టు యజమాని ముందు రోజు మధ్యాహ్నం నాన్నకి నాలుగుసార్లు చేసి, స్విచ్ ఆఫ్ వస్తుంటే విసిగి, ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేశాడట. నాన్న అడిగాడు. నేను ఒప్పుకున్నాను. పాత సిమ్ తెమ్మన్నాడు. తెచ్చి ఇస్తే, రెండు వేళ్ళతో పట్టుకుని పుటుక్కున విరిచేశాడు.

“నాలుగు రూపాయలు మిగుల్చుకుందామని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే, నువ్వు ఆటలాడుతున్నావా?”

“పసిదాని మీదా మీ ప్రతాపం?” అంది అమ్మ.

నేను ఏడవలేదు. ముక్కలు ఏరి కిటికీలోంచి కిందికి వేశాను. ఆ తర్వాత ఎస్తేరు పేరు ఇంట్లో ఎత్తలేదు. వేసవి సెలవుల్లో వాళ్ళ దగ్గరికి తీసుకెళతానన్న నాన్న, ఆ సీజను దెబ్బతో పెడనకీ బెజవాడకీ తిరగడంలోనే సెలవులు గడిపేశాడు. పక్క వాటాలోకి వచ్చిన కొత్తవాళ్ళకి పిల్లలు లేరు. నేను డాబా చివర కూర్చుని, బ్యారేజీకి ఎగువన నది వంపు తిరిగే వైపు, అక్కడే ఎక్కడో ఇబ్రహీంపట్నం ఉంటుందని చూస్తూ ఉండేదాన్ని. అక్కడి థర్మల్ స్టేషన్ పొడుగాటి పొగ గొట్టాలు కనిపిస్తాయని ఎవరో చెప్పారు. నాకెప్పుడూ కనిపించలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, ఎప్పుడూ ఆ వేళకి రాని నాన్న ఇంటికొచ్చాడు. చీరల మూట గుమ్మంలోనే దించి, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు. బస్టాండులో రత్నం ఆంటీ కనిపించిందట.

“మార్తమ్మగారు పోయారమ్మా,” అన్నాడు. “నెలన్నర అయిందంట.”

 చెప్పులు విప్పుతూ ఆయనే మళ్ళీ అన్నాడు. “‘ఎన్నిసార్లు చేశామో అన్నయ్యగారూ, మీ ఫోను కలవలా’ అంది.”

ఆ ఆదివారమే నాన్నా నేనూ బస్సులో వెళ్ళాం. రోడ్డు వెంట లారీలు, వాటి వెనక బూడిద రంగు దుమ్ము. ఆంటీ వాళ్ళది వెనక సందులో ఒంటి గది. ఎస్తేరు పొడుగెదిగింది. నన్ను చూసి నవ్వలేదు. మా అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా తీసుకుని పక్కన పెట్టింది. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మేమిద్దరం వెనక వాకిట్లో నిలబడ్డాం. జడ ముందుకి వేసుకుంటూ తనే చెప్పింది.

“మామ్మ ఒకటే కలవరించిందే నీ గురించి. మీ నంబరు పాటలా కట్టి నేర్పించా. నేను బడికెళ్తే, అమ్మ ఇంట్లో వదిలెళ్ళిన ఫోన్‌లో తనే నొక్కుకునేది. ఎవరో ఆడమనిషి స్విచ్ ఆఫ్ అని చెప్తుంటే, ఆవిడతోనే మాట్లాడేది. ‘అమ్మా, బవానీ ఉందా? ఒక్కసారి పిలు తల్లీ, మార్తమ్మ మామ్మ అని చెప్పు’ అని. అది రికార్డింగు మామ్మా అంటే వినలా. ‘పాపం, మర్యాదగానే చెబుతోందే, వెళ్ళి పిలుస్తుందిలే’ అనేది.”

ఆగి, నా మొహంలోకి చూసి అడిగింది. “నువ్వెందుకు చెయ్యలా?”

చేశాననీ, మీదే కలవలేదనీ, ఎండలో మెట్ల మీద కూర్చున్నాననీ చెప్పాలి. గోడ సున్నం గోరుతో గీకుతూ నిలబడ్డాను. చెప్పి ఉంటే మా ఇద్దరి మధ్యా ఏమైనా మిగిలేదేమో. గుమ్మంలో నిలబడి ఆ మాటలన్నీ నాన్న విన్నాడు. సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పులు విడిచి, మాకు దూరంగా, ఒక వేపచెట్టు పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. తిరుగు బస్సులో నాకు వేయించిన బఠానీల పొట్లం కొనిచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, “విరగ్గొట్టకుండా ఉండాల్సిందమ్మా,” అన్నాడు. ఆ ఒక్కసారే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన నంబరు మార్చలేదు. సగం ధరకే మాటలిచ్చే కొత్త సిమ్‌లు వచ్చినా, గొడుగులవాళ్ళు పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. ఒకసారి బస్టాండులో ఫోన్ కొట్టేస్తే, ఐదు నిమిషాల్లో ఊరికే వచ్చే కొత్త నంబరు వద్దని, పాత నంబరే కావాలని పోలీస్ స్టేషన్ కాగితం పట్టుకుని మూడు రోజులు కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. పైసా పైసా చూసుకునే మనిషి, ఆ మూడు రోజుల బేరాలూ వదులుకున్నాడు.

ఇప్పుడు మేం భవానీపురంలో, ఫ్లాట్‌లో ఉంటున్నాం. అమ్మ పోయి మూడేళ్ళయింది. నేను ఆఫీసుకి వెళితే నాన్న ఒక్కడే. ఫోన్ చార్జింగ్ పెట్టి కిటికీ దగ్గర ఉంచుతాడు. ఆయనకి చేసే కొట్లవాళ్ళు కొందరు పోయారు, కొందరి వ్యాపారాలు కొడుకుల చేతికి వచ్చాయి. రోజుల తరబడి అది మోగదు. నెలకింతని కడితే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. గొడుగులు పోయాయి, మిస్డ్ కాల్ భాష పోయింది, మేమున్న వాటా పడగొట్టేసి ఎవరో మూడంతస్తులు లేపారు. అరిసెలు ఆన్‌లైన్‌లో డబ్బాల్లో వస్తున్నాయి.

ముంజలు కొన్న సాయంత్రం ఎస్తేరుకి ఫోన్ చేశాను. తనిప్పుడు ఒంగోలులో నర్సు. ఏటా క్రిస్మస్‌కి ఒక నక్షత్రం బొమ్మ పంపుతుంది, నేను థ్యాంక్స్ పెడతాను.

“ఏంటే, ఏమన్నా విశేషమా?” అంది కంగారుగా.

“ఏం లేదు. ఊరికే చేశా.”

 అటు వార్డులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. “డ్యూటీలో ఉన్నానే, మళ్ళీ చేస్తా,” అంది.

ముంజలు వలుస్తున్న నాన్న తలెత్తాడు.

“ఎవరమ్మా?”

“ఎస్తేరు నాన్నా.”

వేళ్ళకంటిన నీళ్ళు తువ్వాలుకి తుడుచుకుని అడిగాడు.

“నా నంబరు అదేనని చెప్పావా? మార్చలేదని?”

“చెప్పాను నాన్నా,” అన్నాను. చెప్పలేదు.