జుబైల్ వంటింట్లో కల్లు సాక

గల్ఫ్ యుద్ధం 1991 ఫిబ్రవరిలో ఆగిపోయిందని అందరూ అంటారు. తప్పు. సౌదీలో, జుబైల్‌లోని మా వంటింట్లో అది జులై దాకా నడిచింది. ఆఖరి బాంబులు వేసింది నేనే. సీసాల లెక్కతో సహా చెబుతాను, వినండి.

మా నాన్న ఈతచెట్లు గీసేవాడు. ఆషాఢంలో ఎల్లమ్మకు బోనం పెట్టి, ఆమె ముందు నేల మీద కల్లు ధారగా పోసేవాళ్లం. దాన్నే సాక అంటాం. పొద్దున్నే చెట్టు దిగి వచ్చే నాన్న చొక్కా వాసనే నాకు పుట్టింటి వాసన.

మా ఆయన జుబైల్‌లో ఒక ప్లాంటులో ఫోర్‌మన్. యుద్ధంలో సైరన్ మోగినప్పుడల్లా ఆయన ప్లాంటులో, నేను మంచం కింద. "ఈ మనిషి క్షేమంగా ఇల్లు చేరితే ఆషాఢంలో కల్లు సాక పోస్తా తల్లీ" అని మొక్కేశాను. ఆయన వచ్చాడు. ఆషాఢమూ వచ్చింది. కల్లు మాత్రం ఎక్కడిది? సౌదీలో ఇంట్లో చుక్క దొరికితే ముందు జైలు, తర్వాత ఇండియా విమానం.

అప్పుడే ఒక పాత పత్రికలో చదివాను. మా మీదికి రాకెట్లు పంపిన ఇరాక్ నేల మీదే, వేల ఏళ్ల కింద, బీరుకు ఒక దేవత ఉండేదట. పేరు నింకాసి. ఆడవాళ్లే బార్లీ రొట్టెలు కాల్చి, నానబెట్టి, పులియబెట్టేవారట. ఈవిడ మా ఎల్లమ్మకు పెద్దక్కేనని తేల్చేశాను. అక్క ప్రసాదం చెల్లి కాదంటుందా?

బార్లీ రొట్టెలు కాల్చాను. ఖర్జూరం పిసికి కలిపాను. నాలుగో రోజు వడగట్టి ఆరు సీసాలు నింపి, వాసన బయటికి పోకుండా మూతలు బలంగా బిగించి, ఎల్లమ్మ పటం కింద పేర్చాను. పులిసేదానికి ఊపిరాడాలని, కల్లు కుండకు మూత బిగించరని గీత కార్మికుడి కూతురికి తెలియదా? తెలుసు. భయం ఆ తెలివిని గుటుక్కున మింగేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే మొదటి సీసా పేలింది. "సైరన్ మోగలేదేందే?" అంటూ మా ఆయన కంచంతో సహా బల్ల కిందికి దూరాడు. రెండోది. మూడోది. నురగ సీలింగును తాకింది.

"ఏం జేసినవే?"

"మొక్కు తీరుస్తున్న."

"ఎవలకు? ఇరాకోళ్లకా?"

"సగం వాళ్లకే."

తలుపు దబదబలాడింది. పై అంతస్తులో ఉండే ఫాతిమా, కర్నూలామె. ముఖానికి యుద్ధంనాటి గ్యాస్ మాస్కు.

"వదినా! రాకెట్టా? గ్యాసా?"

ఆమె మొగుడు మా ఆయన కంపెనీలోనే డ్రైవరు. ఒక్క మాట బయటికి పొక్కితే మా బతుకు ఖాళీ.

"గ్యాసే ఫాతిమా! మాస్కు తియ్యకు! అస్సలు తియ్యకు!"

"తియ్యనులే. తుడిచే బట్ట యాడుంది?"

ఇంతలో నాలుగోది, ఐదోది. ఆరోదాన్ని మా ఆయన దుప్పట్లో చుట్టి, పామును పట్టినట్టు పట్టుకుపోయి స్నానాలగదిలో ఒలకబోశాడు. ఫాతిమా గాజుముక్కలు ఏరి, కిటికీలు తెరిచి, ఇల్లంతా సాంబ్రాణి వేసింది. గ్యాస్ లీకైన ఇంట్లో నిప్పు ఎవరైనా వెలిగిస్తారా? నాకప్పుడు తట్టలేదు. ఆ పుల్లటి వాసనలో నాన్న చెట్టు దిగి, మోకు భుజాన వేసుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు మరి.

"కండ్లు మండుతాండాయా వదినా?" అంది మాస్కులోంచి.

అవునన్నాను.

ఆమె వెళ్లాక మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "బెల్లం నీళ్ల సాక పోస్తే అయిపోవు గదనే! మా అమ్మ ఏటా గదే పోస్తది!"

కానీ ఎల్లమ్మ అప్పటికే ఐదు సీసాల సాక స్వయంగా నేల మీద పోయించుకుంది.

1994లో మేం ఎగ్జిట్ వీసా మీద పూర్తిగా ఇండియాకు వచ్చేస్తుంటే, ఫాతిమా నన్ను పక్కకు పిలిచింది.

"ఒక మాట వదినా. ఆ మాస్కుకు ముందర గాలి వడగట్టే డబ్బా యుద్ధంలోనే ఊడిపాయ. ఆ పొద్దు నాకంతా వాసనొచ్చె."

సీసాలు లెక్కపెట్టిన దాన్ని, ఎదురుగా ఉన్న ముఖం మీది బొక్కను చూడలేదు!

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు ఏడుస్తాంటివి కదా."

కాబట్టి ఎల్లమ్మ సాక్షిగా, వాళ్లక్క నింకాసమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పులిసే దేనికీ మూత బిగించను. దోసెపిండి గిన్నెకు కూడా వదులుగానే పెడతాను. పొద్దున్నే మూత తీసి కాసేపు దాని మీదికి వంగి నిలబడతాను. పిండి పులిసిందో లేదో చూడటానికే.