పాత పేజీకి కొత్త ముడి

మా కోడలు చేసే పని నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. కంప్యూటర్ లోపల కెర్నల్ అని ఒకటి ఉంటుందట. ఏ ప్రోగ్రామ్‌కు ఎంత మెమరీ ఇవ్వాలో, చోటు చాలకపోతే దేన్ని చంపాలో అదే తేలుస్తుంది. అదెలా తేలుస్తుందో వివరించే పేజీలను సరిదిద్దడం ఆమె పని. కోడ్ రాసేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు, రోజూ మారుస్తుంటారు. పేజీ కూడా మార్చాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ పేజీలనే నమ్ముకుని పెద్ద పెద్ద మెషీన్లు నడుపుతారట.

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. రాసి ఉన్నదంతా నిజమే అనుకునేదాన్ని. ఇది విన్నాక ఒళ్లు మండింది.

ఆ వానాకాలం, మేం బతకవచ్చిన ఉన్ అనే పేటలో, మా రెండు గదుల్లో ఆమె అన్నం కూడా లాప్‌టాప్ ముందే తినేది. ఒక పాత పేజీ బదులు తను రాసిన పెద్ద అధ్యాయం కెర్నల్ కొత్త విడుదలలో చేరితేనే ఆమెకు జీతమిచ్చే కంపెనీ కాంట్రాక్టు పొడిగిస్తుంది. నా కొడుకు పనిచేసే మిల్లు మూతపడి ఉంది. ఇల్లు ఆమె మీదే నడుస్తోంది.

ఒక మధ్యాహ్నం కొత్త కోడ్‌తో సరిచూస్తూ చూస్తూ ముఖం మూసుకుంది.

"ఏందే, ఏమైంది?"

"నేను దేని గురించి రాసిన్నో గా కోడే తీసేసిన్రు అత్తమ్మా. నా మెషీన్ల పాతది ఉండె. చూసుకోలే."

"గాళ్లు చెప్పలేదా?"

"ఎవలు చెప్తరు? నేను పంపిన రాత ఇంకా ఎవలూ సక్కగ చదవనే లేదు."

"జర అటిటు అతికియ్యి."

"గిన్ని దినాలు అతికిచ్చుడే చేసిన."

నాకు అర్థమైంది. నేను పనిచేసిన మగ్గాల షెడ్డులో నిలువు పోగులు చుట్టిన బీమ్ అయిపోతే పాత పోగుల కొసలకే కొత్త పోగులు ముడేస్తాం, చాకిరీ తప్పుతుంది. డిజైన్ మారితే మాత్రం అంతా కోసి మొదటినుంచీ పోగులెక్కించాలి. ఈమె పాత వాక్యాలకు కొత్తవి ముడేసింది.

"మల్ల రాస్తే?"

"విడుదలకు అందది. నౌకరీ పోతది."

"గట్లనే ఉంచితే?"

"నమ్మినోని మెషీన్ల ఒక ప్రోగ్రామ్ సావాల్సిన కాడ ఇంకోటి సస్తది."

"గాడేమన్న మన సుట్టమా? ఉండనియ్యి."

ఇప్పుడడిగినా అదే అంటాను. ఇంట్లో పొయ్యి వెలగాలి.

"నీకేం ఎరుక అత్తమ్మా" అని ఆమె అటు తిరిగింది. సాయంత్రానికి ఆ అధ్యాయాన్ని వెనక్కి తీసుకుంది. పాత పేజీ నెత్తిన పెట్టమని ఒకే ఒక్క వాక్యం పంపింది: ఈ పేజీ పాతబడింది, దీన్ని నమ్మవద్దు.

ఆ వాక్యాన్ని కోడ్ రాసేవాళ్లు వెంటనే చేర్చుకున్నారు. కాంట్రాక్టు మాత్రం అయిపోయింది. కంపెనీ మనిషి వచ్చి లాప్‌టాప్ పట్టుకుపోయాడు.

నా కొడుకు ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూపించాడు. ఆమె వాక్యం పైన ఉంది. దాని కింద తప్పుల రాతంతా అలాగే ఉంది. తిరగరాయడానికి ఇప్పుడు ఆ పనిలో ఆమె కూడా లేదు.