యొర్దాను నీలం

జమాల్ చర్చి గోడల మీద బొమ్మలు వేస్తాడని చెబితే చాలు, మతసామరస్యం అంటూ కొందరి కళ్లు చెమరుస్తాయి. ఆయనకు అంత ఓపిక లేదు. ప్రొద్దుటూరు ఫొటో స్టూడియోలకు జలపాతాల తెరలు వేసి బతికిన మనిషి. స్టూడియోల్లోకి కంప్యూటర్లు వచ్చాక ఆయనకు గోడలు మిగిలింది చర్చిల్లోనే. జమ్మలమడుగు నుంచి వేంపల్లె దాకా వేదికల వెనక గోడల మీద పారే బైబిలు యొర్దాను నదులు చాలావరకు ఆయనవే. గట్లు మాత్రం గండికోటవి. ఆయన చూసిన లోయ అదొక్కటే. ఆ బొమ్మల్లో గొర్రెల కాపరి ఎప్పుడూ మనకు వీపు చూపించే నిలబడతాడు. ముఖాలు వేయనిది మతం వల్ల అనుకుంటారు జనం. ముక్కు కుదరదు, అంతే.

నిరుడు కొండాపురం దగ్గర, ముంపు ఊళ్లవాళ్ల కాలనీలో కొత్త చర్చికి గోడంతా వేశాడు. ఈ ఏడు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక తన డబ్బాలో కలిపి పెట్టుకున్న నీలం చూసి అదిరిపడ్డాడు. పొర కమ్మిన కళ్లకు నీలం వెలిసిపోయినట్టు కనబడేది. అందుకే కలిపిన కొద్దీ కలుపుతూ పోయాడు. మరి కొండాపురం గోడ?

ఆ గోడ చూశాకే తమ చర్చి గోడ పని సంగతి తేలుస్తామని పులివెందుల సంఘ పెద్దలు శనివారం వస్తున్నారు. నచ్చకపోతే ఫ్లెక్సీ తగిలిస్తారు. ఒక చర్చి ఫ్లెక్సీకి పోతే మిగతావీ అటే పోతాయి. ఇక కుంచె కడిగి పెట్టుకోవడమే. వాళ్లకంటే ముందే బస్సెక్కాడు జమాల్.

లోపలికి వెళ్లి చూస్తే నది రెచ్చిపోయి ఉంది, బట్టలకు పెట్టే నీలిమందు సీసా ఒలికినట్టు. కొండలు వంకాయ రంగు. కాపరి నీడ కూడా నీలమే.

"ఏందమ్మా ఇది, ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలేదే?" అన్నాడు, చర్చి ఊడుస్తున్న కాలనీ మనిషి ఇందిరమ్మతో.

"ఏం చెప్పాలన్నా? దేవుని దేశం గదా, ఆడ నీళ్లు అట్లనే ఉంటాయేమో అనుకున్యాం."

"పాస్టరన్నా అడగలేదా?"

"ఆయప్ప మాత్రం పోయి చూసొచ్చినాడా ఏంది?"

అంతలో పెద్దలు దిగారు. జమాల్ దాచలేదు, కన్ను, పొర, నీలం అంతా చెప్పేశాడు. "ఇది తప్పు పడిందప్పా. మీకు సరిగ్గా వేస్తా."

వాళ్లలో పెద్దాయన చివరి బెంచీ దాకా నడిచి, అక్కణ్నుంచి గోడ చూసి వచ్చాడు.

"మాకు సరిగ్గా వద్దప్పా. ఇట్లనే గావాల. మా చర్చిలో వెనక కూర్చున్యోళ్లకు ఏదీ ఆనదు. ఇదైతే రోడ్డు మీదికి కనపడతాంది."

జమాల్ బెంచీ మీద కూలబడ్డాడు. నవ్వొచ్చింది. అంతలోనే ఇంకో దిగులు.

"ఈ రంగు మళ్లా యాడ తెచ్చేది? ఇప్పుడు కన్ను ఒప్పుకోదే."

"ఎడమకన్ను ఇంకా కోయలేదు గదన్నా," అంది ఇందిరమ్మ, చీపురు ఆపకుండానే. "దాంతో కలుపు."

రెండో ఆపరేషన్ వాయిదా పడింది. పులివెందులలో జమాల్ కుడికంటికి గుడ్డ కట్టుకుని రంగు కలుపుతున్నాడు. మధ్యమధ్య గుడ్డ పైకెత్తి గోడ చూస్తాడు, ఉలిక్కిపడతాడు, నవ్వుకుని మళ్లీ దించుకుంటాడు.