ముందు రోగులవి

రోజూ పొద్దున ప్రయోగశాలలో అడుగుపెట్టగానే ఆవిడ తిన్నగా ఫ్రీజరు దగ్గరికెళ్ళి, దాని తలుపుమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేది. లోపల ఎందరి రక్తమో చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టి ఉంది.

"ఇచ్చినవాళ్ళందర్నీ చల్లగా చూడు తండ్రీ" అని గొణుక్కునేది.

"మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉన్నారక్కా! ఇంకెంత చల్లగా చూడాలి?" అనేవాడు కంప్యూటర్ల దగ్గర కూర్చునే కుర్రాడు. ఆవిడా నవ్వేసేది.

ఆ గొట్టాల్లో ఒకటి ఆవిడ తమ్ముడిది. అతనిది నెత్తుటి జబ్బు. రోగుల రక్తానికీ ఆరోగ్యవంతుల రక్తానికీ తేడా ఎక్కడుందో దొరికితే, మందు ఎక్కడ తగలాలో తెలుస్తుంది. రక్తాన్ని సిద్ధంచేసి యంత్రానికి ఎక్కించడం ఆవిడ వంతు. యంత్రం కక్కిన అంకెల్లోంచి అర్థం లాగడం అద్దాల గోడకి అవతల కూర్చున్న లెక్కల పిల్ల వంతు.

సాయంత్రం ఇంటికెళ్తే తమ్ముడు మంచం మీంచే అడిగేవాడు.

"ఏమంటోందక్కా మీ కంప్యూటరు? నోరు విప్పిందా?"

"ఇంకా మూతి ముడుచుకునే ఉందిరా."

ఒకరోజు విప్పింది. తెరమీద మనిషికొకటిగా పడ్డ చుక్కలు రెండు గుంపులయ్యాయి. రోగులు ఒకపక్క, ఆరోగ్యవంతులు ఒకపక్క, మధ్యలో ఏరు పారేంత ఎడం. ప్రయోగశాలని నడిపే పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచొచ్చి ఆవిణ్ణి కావలించుకుంది. ఆ రాత్రి తమ్ముడు చాన్నాళ్ళకి మారు వడ్డించుకున్నాడు.

వారం తిరక్కుండానే లెక్కల పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, రోగులవీ బాగున్నవాళ్ళవీ కలిపి చేశావా, విడివిడిగానా?"

"ముందు రోగులవే చేశానమ్మా. పాపం, ఎదురుచూసేది వాళ్ళేగా! మిగతావి తరవాతి వారం, కొత్త రసాయనాల డబ్బా వచ్చాక చేశాను. ఏం?"

ఆ పిల్ల ఆవిడ చేతిమీద చెయ్యి వేసి మెల్లగా చెప్పింది. వారం మారింది, డబ్బా మారింది; డబ్బా మారితే జబ్బుతో పనిలేకుండా అంకెలూ మారతాయి. తెరమీద కనిపించే ఎడం జబ్బుదో, డబ్బాదో ఇక ఏ లెక్కా తేల్చలేదు.

"నువ్వు సరిచెయ్యలేవా? ఏదో కొంత తీసేసి, కొంత కలిపి..."

"పాలల్లో కలిసిన నీళ్ళు వేరుచెయ్యమంటే నేనేం చెయ్యనక్కా?"

మేడమ్ కూడా కోప్పడలేదు. "ఎలా కలిపి చెయ్యాలో నేనే ముందు చెప్పాల్సింది" అంది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి. రోజూ వేళాకోళమాడే కుర్రాడు చప్పుడు చెయ్యకుండా ఒక కప్పు టీ తెచ్చి ఆవిడ బల్లమీద పెట్టి వెళ్ళాడు.

ఇంట్లో తమ్ముడిది అదే ప్రశ్న.

"మళ్ళీ మొదట్నించీ చెయ్యాలిరా" అంది. ఎందుకని అతను అడిగితే దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

"పోనీలే, నేనెక్కడికి పోతాను?" అన్నాడు తమ్ముడు.

మర్నాడు ఫ్రీజరుమీద చెయ్యి ఆనించిందిగానీ ప్రార్థన పెదవి దాటలేదు. తమ్ముడి గొట్టంలో ఇంకొక్కసారికి సరిపడానే ఉంది. అతని ఒంట్లోంచి మళ్ళీ తియ్యడానికి వీల్లేదని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఆవిడ అద్దాల గోడ దాటి లెక్కల పిల్ల దగ్గరికెళ్ళింది.

"అమ్మాయ్, నాకో సాయం చేసిపెట్టు. గొట్టాలన్నిటికీ పాత చీటీలు కనబడకుండా కొత్త అంకెలు అంటించు. అందర్నీ కలగలిపి వరస నీ కంప్యూటర్నే వెయ్యమను. ఎవరు రోగో ఎవరు కాదో నాకు చెప్పకు. మా తమ్ముడిది ఏదో అసలే చెప్పకు, నేను కాళ్ళావేళ్ళా పడి అడిగినా సరే. తెలిసిందంటే నా చెయ్యి ముందు అటే పోతుంది."