తలుపులమ్మ పటిక కుండ

తలుపులమ్మకీ మరిది సత్తియ్యకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. పాలకొల్లు దగ్గర అద్దకపు పేటలో ఇద్దరిదీ ఒకే పాక, పక్కపక్కన రెండు పొయ్యిలు. మొగుడు పోయాక అతని పొయ్యి తలుపులమ్మ చేతికొచ్చింది. అది సత్తియ్య కళ్ళల్లో నిప్పులు పోసింది.

"ఆడదాని చేతిలో రంగు నిలుత్తాదా?" అని వీధి వీధంతా వినేలా అరిచేవాడు.

"నీ నోట్లో మన్ను పడ! నా నూలు ఏట్లో జాడించి చూడరా!" అని ఆవిడా ఊరుకునేది కాదు.

నిజమే, ఆవిడ ఎరుపు అలాంటిది. నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, పటిక నీళ్ళలో ముంచి, ఆ తర్వాత ఎర్ర రంగునిచ్చే చిరివేరుతో ఉడికించేది. పటిక లేని ఎరుపు మొదటి జాడింపుకే ఏటి పాలు. అందుకే పేటలో ఎవరైనా కల్తీ ఉందేమోనని ముందు పటిక నీళ్ళు నాలుక మీద వేసుకుని చూస్తారు. మొగుడు పోయిన దిగులుతో తలుపులమ్మ అడ్డపొగ మరిగింది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చీ కాల్చీ నాలుక మొద్దుబారింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆవిడకి పౌరుషం అడ్డొచ్చింది. సత్తియ్య మాత్రం కనిపెట్టాడు.

ఆ ఏడు వరసగా రెండు వాయిల నూలు ఎర్రబడలేదు. ఎండిన కార్జం రంగుకి తిరిగింది. మూడో వాయి కూడా చెడితే కుండ పగలగొట్టి, పొయ్యి పక్కవాడికి ఇచ్చెయ్యాలని పేట కట్టుబాటు. ఆ పక్కవాడు సత్తియ్యే. పొయ్యి పోతే ఇక పరాయి కుండల దగ్గర కూలికి నిలబడాలి. తలుపులమ్మకి నాలుగు రోజులు అన్నం సయించలేదు.

ఐదో రోజు మిషను బడి అరుగు మీద చిట్టియ్య మేష్టారు సిరా కాస్తుంటే చూసింది. కరక్కాయ కషాయంలో ఏదో పచ్చటి పొడి వేశాడు. కషాయం కాటుకలా నల్లబడింది.

"అదేంటండీ మేష్టారూ?"

"అన్నభేది అండీ. ఇనుము సరుకు. ఇదీ మీ పటికా ఒక ఇంటివాళ్ళేనండోయ్. రెంటిలోనూ గంధకం నుంచి వచ్చిన సరుకుంది కాబట్టి దొరలు రెంటినీ సల్ఫేటు అంటారు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళకి చివర, అంతే."

"మరి పటిక కూడా నల్లబడుద్దాండీ?"

"అబ్బే! పటికలో ఇనుము లేదుగా. అది ఒక చేత్తో నూలునీ ఒక చేత్తో రంగునీ పట్టుకుని కూర్చుంటుంది. అన్నభేదీ పట్టుకుంటుందండీ, కానీ ఎరుపుని ఎరుపుగా ఉండనివ్వదు."

తన కుండలో ఏం కలిసిందో తలుపులమ్మకి తట్టింది. వెంటనే ఒళ్ళు మండింది.

మూడో వాయి నాటి ఉదయం పేట పెద్ద బుల్లబ్బాయి రోకలి పట్టుకుని మరీ వచ్చాడు. తలుపులమ్మ రెండు ముంతల్లోనూ, ఒక చట్టిలోనూ కరక్కాయ కషాయం తెచ్చింది. ఒక ముంతలో సత్తియ్య కుండలోని పటిక నీళ్ళు పోసింది. రంగు మారలేదు. రెండో ముంతలో తన కుండ నీళ్ళు బుల్లబ్బాయి చేత పోయించింది. నల్లగా విరిగింది.

"చూశారాండీ పెద్దాయనగోరూ! నా పటికలో అన్నభేది కలిపారు."

"నువ్వే కలుపుకుని నా మీద తోత్తావా?" అని సత్తియ్య మీదికొచ్చాడు.

ఆవిడ కషాయం చట్టిలో మణికట్టు దాకా తన చెయ్యి ముంచి తీసింది. మరక లేదు.

"అన్నభేది ముట్టిన చెయ్యి ఇందులో నల్లబడుద్ది. తెల్లారినప్పట్నించీ నేను నా కుండ ముట్టుకోలేదు. ఇప్పుడు నువ్వు ముంచరా!"

సత్తియ్య వెనక్కి తగ్గాడు. బుల్లబ్బాయి అతని చెయ్యి పట్టుకుని చట్టిలోకి తోశాడు. బయటికి తీసేసరికి వేళ్ళూ, గోళ్ళ సందులూ మసిబారాయి. ఎరుపు తప్ప మరో అద్దకం ఎరగనివాడికి అన్నభేదితో ఏం పని? పేటంతా ఛీ ఛీ అంది. బుల్లబ్బాయి రోకలితో సత్తియ్య కుండ పగలగొట్టాడు.

"వదినా, ఒకే ఇంటిపేరోళ్ళం. కాపాడే!" అంటూ సత్తియ్య ఇసకతో చేతులు తోముకున్నాడు.

"పటికకీ అన్నభేదికీ కూడా ఒకే ఇంటిపేరంటరా," అంది తలుపులమ్మ.

చుట్ట తీసి కాలువలోకి విసిరేసింది. కొత్త పటిక నానబోసి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుంది. రుచి తెలియలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆవిడ కుండ పక్కన కరక్కాయ ముంత ఉండేది.