అడగకుండా మెత్తబరిచిన క్లచ్

సర్వీసింగ్‌కి ఇచ్చిన నా టర్బో కారును గోపాలపట్నం మెకానిక్ 'లేడీస్ బండి' అనుకుని, నన్ను అడగకుండానే క్లచ్ పెడల్‌కి, తొక్కేటప్పుడు కాలికి సాయపడే గట్టి స్ప్రింగ్ వేసి దూదిలా మెత్తబరిచాడు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియక యారాడ కొండ మీద వెనక్కి జారాను. ఇంకోసారి జారితే దీన్ని అమ్మేసి ఆటోమేటిక్ కొందామని మా ఆయన తేల్చేశాడు.

ఆ స్ప్రింగ్ తీసేయమని మెకానిక్‌కి చెప్పాను. అడిగింది నేనైతే అతను జవాబిచ్చింది పక్కనున్న మా ఆయనకు.

"తీసేత్తే పెడల్ బరువైపోద్ది సార్. మేడమ్‌కి కాలు నొప్పెడతాది."

"కాలు నాది, కారు నాది. నాతో మాట్లాడు బాబూ."

"మీరైనా సెప్పండి సార్."

"నాను సెప్తే ఇంటాదేటి?" అన్నాడు మా ఆయన.

స్ప్రింగ్ తీయించి నేరుగా యారాడ కొండకే పోనిచ్చాను. ఎత్తు మీద ముందున్న లారీ ఆగితే నేనూ ఆగాను. పెడల్ బరువుగానే ఉంది. మెల్లగా వదులుతుంటే క్లచ్ పట్టుకునే చోటు అరికాలికి స్పష్టంగా తెలిసింది. పక్క సీట్లో ఉన్న మా ఆయన చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్రేక్ మీద ఉంది.

"చెయ్యి తియ్యండి," అన్నాను.

తీశాడు. కారు ముందుకే కదిలింది. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తినా నేను వినను.