పెరటాసి చెంబు

కాణిపాకం కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి చెప్తున్నట్టే అనుకోండి: ఇందులో ప్రతి మాటా నిజం. నా కోతలు ఎరిగిన చంద్రగిరి వాళ్లు నవ్వుతారు. నవ్వనీండి.

యుద్ధం నడుస్తున్న రోజులు. మా పెదనాయనకు డెబ్బై దాటాయి. భార్య పోయింది, పిల్లల్లేరు. నా చిన్నప్పుడే నాయన పోతే నన్ను పెంచింది ఆయనే. ఆ ఏడు ఆయన, తనకు వండిపెట్టే ముసలమ్మ పేర మామిడితోట రాసిస్తానన్నాడు. ఆ తోట నాదేనని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. చిత్తూరు వెళ్లి వకీలును కలిశాను. పెదనాయనకు మతి చలించిందని జిల్లా కోర్టు ఒప్పుకుంటే ఆయనకూ, ఆయన ఆస్తికీ నన్నే గార్డియనుగా వేస్తారట. ఆపైన ఆయన సంతకం చెల్లదు.

"మతి లేదని యెట్ట సూపిస్తావప్పా?" అన్నాడు వకీలు.

నాకు అదొక పనా? పెదనాయన మామిడిచెట్లను పిలిచి పంచాయితీ పెడతాడనీ, కాయని చెట్టుతో మూడు రోజులు మాట్లాడడనీ, ఎద్దుకు అజీర్తి చేస్తే తాను పథ్యం ఉన్నాడనీ చెప్పాను. గుమాస్తా రాయడం ఆపి నవ్వాడు.

"నీ కతలు ఈడ పనికిరావు. ఊరంతా కండ్లారా సూసిందొకటి చెప్పు."

అప్పుడు చెప్పాను. పెరటాసి నెల శనివారాల్లో పెదనాయన నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కుంటాడని. మా వైపు అది మొక్కు. ఎంత పొలమున్నవాడైనా మొక్కుకుంటే చెంబు పట్టాల్సిందే; ఆ బియ్యం వండి స్వామికి నైవేద్యం పెడతారు. వకీలుకూ ఆ సంగతి తెలుసు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, 'ఆస్తిపరుడై ఉండియు భిక్షమెత్తుచున్నాడు' అని రాయించాడు.

జడ్జీ ఉత్తరాది నుంచి వచ్చినవాడు. మన మొక్కులు ఎరగడు. ఆయన అడిగినదాన్ని గుమాస్తా తెలుగు చేశాడు.

"నువ్వు భిక్షమెత్తుతావా?"

"ఎత్తుతాను సామీ."

"ఎందుకు?"

పెదనాయన నా వైపు చూసి తల దించుకున్నాడు. మరి నోరు తెరవలేదు. నన్ను గార్డియనుగా వేశారు.

తిరుగు రైల్లో ఆయన తన మూటలోని అటుకులు నాకూ పెట్టాడు. నేను తిన్నాను.

ఆనాటి నుంచి ప్రతిదానికీ నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఎకసెక్కానికి కాదు, కోర్టు చెప్పింది గనుక. "అబ్బా, గడ్డం పెరిగిండాది. మంగలిని పిలిపించేదా?" అనేవాడు. ఒకనాడు వచ్చి, "అబ్బా, రేపు పెరటాసి మొదటి శనివారం. చెంబెత్తుకోని పోవచ్చునా?" అన్నాడు.

వండిపెట్టే ముసలమ్మ గడపలోంచే అంది: "అడుగన్నా, అడుగు. నీకు మతి లేదంట గదా. ఉండేదంతా ఆయప్పకే ఉండాది."

నేను ఆయన్ను పోయి రమ్మన్నాను. ఆయన కాసేపు చెంబు తిప్పి చూసుకుని కింద పెట్టేశాడు.

"పిచ్చోడెత్తిన బియ్యం సామికి పెట్టగూడదేమో అబ్బా."

ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు.

ఇందులో ఒక్కటి కల్పించాను. పెదనాయన కోర్టులో తల దించుకోలేదు. "ఎందుకు" అన్నదానికి నన్ను చూపించి, "ఆడ నిలబడుండాడే, వాడికి ఐదేండ్లప్పుడు అమ్మవారు పోసి కండ్లు తెరవకుంటే మొక్కినాను సామీ, బతికినన్నాళ్లు చెంబెత్తుతానని. వాణ్ణే అడగండి" అన్నాడు.

జడ్జీ నన్ను అడిగాడు. అలాంటి మొక్కు ఒకటుందని నేనెన్నడూ వినలేదని చెప్పాను.